ఒక చెయ్యి కట్టేస్తే

జనవరి 19, ఆదివారం

బాపు గొంతు మళ్ళ పోయింది. ఖదీర్ భాయ్ పెట్టే క్రికెట్ కప్పు ఇయ్యాలనే మొదలైంది, రెండో మ్యాచ్‌కే బొంగురు. అమ్మ చర్చి నుంచి వచ్చి పటికబెల్లం గిన్నె ముందట పెట్టి, "ప్రభువు దినం నాడు వాక్యం వినకపోతే గిట్లనే అయితది" అన్నది. బాపు ఒక పలుకు నోట్లేసుకొని, "ప్రభువుకు క్రికెట్ మీద కోపం లేదు లీలా, నీకే ఉన్నది" అన్నడు. సగం మాట వినబడలె.

ప్రతి సీజనూ ఇంతే. మ్యాచులు మొదలైతే పోతది, కప్పు అయిపోయినంక వస్తది. దసరా కప్పుకు పోయింది మాత్రం క్రిస్మస్‌కు కూడ పూర్తిగ రాలె. చలికాలం గద.

మా పేపర్ ఆఫీసుల స్వరూప మేడం నమ్మలె. అంపైరే కామెంటరీ చెప్తడా అని నవ్వింది. వీడియో తీసి చూపిస్త అని ఇయ్యాల జల్‌పల్లి గ్రౌండ్‌కు పోయిన. బస్సు డిపోల మెకానిక్ పని చేసినన్ని రోజులు బాపు ఆదివారాలు అంపైరింగ్ చేసిండు. రిటైరైనంక అన్ని రోజులూ ఆదివారాలే. ఎడమ చేతిల ఆరు గోళీలు, బాల్ పడంగనే ఒకటి జేబులకు. కుడి చేతిల మైకు. ఫోర్ అని చెయ్యి ఊపితే మైకు కూడ ఊగి స్పీకర్ గుర్ మంటది. అవుట్ ఇయ్యాలంటే మైకు పట్టుకున్న చేతులనే చూపుడువేలు లేపుతడు. "ఆయా, ఆయా, గోడ అవుతల పడ్డది. అమ్మా, పచ్చ గేటు ఇంటి అమ్మా, చాయ్ తాగుతున్నరేమో, తాగినంకనే మా బాల్ ఇయ్యండి." పచ్చ గేటు వెనుక నుంచి బాల్ వస్తది. మనిషి కనబడదు.

రెండో మ్యాచ్‌ల ఒక పోరన్ని క్యాచ్ అవుట్ ఇచ్చిండు. ఆ పోరడు సగం దూరం పోయినంక బౌలర్ కాలు గీత దాటిందని గుర్తొచ్చినట్టున్నది. రెండు చేతులు అడ్డంగ ఎదురు భుజాల మీద పెట్టుకున్నడు. ఇచ్చిన సైగ వాపసు. మైకు భుజానికి తగిలి ధబ్ మని గ్రౌండ్ అంత వినబడ్డది. లొల్లి మొదలైంది. బాపు మైకులనే చెప్పిండు: "తప్పు ఇచ్చిన్నని తెలిస్తే దించాలె. వేలు రాయి కాదు."

వీడియో తియ్యనియ్యలె. "ఎనభై మూడుల కపిల్ కొట్టిన నూట డెబ్బై అయిదుకు వీడియో ఉన్నదా? ఏమన్న తక్కువైందా?" అన్నడు.

జనవరి 21, మంగళవారం

స్వరూప మేడం పని ఇచ్చింది. అంతర్జాతీయ క్రికెట్ల ఆల్‌రౌండర్లను పోల్చి ఐదుగురిని వరుసల పెట్టాలె, చాంపియన్స్ ట్రోఫీ లోపల. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లవు నీకే ఇది అన్నది. చదివిందానికి ఇన్నేండ్లకు ఒక పని.

ఫార్ములా పాతదే. బ్యాటింగ్ సగటుల నుంచి బౌలింగ్ సగటు తీసెయ్యాలె. ఎంత మిగిలితే అంత విలువ. టెస్టుల సోబర్స్‌కు ఇరవై మూడు దాటింది. కలిస్‌కు ఇరవై రెండు దాటింది. ఇమ్రాన్‌కు పదిహేనుకు కొంచెం తక్కువ. కపిల్‌కు ఒకటిన్నర కూడ లేదు.

బాపుకు ఎట్ల చెప్పాలె.

జనవరి 24, శుక్రవారం

చెప్పిన. అన్నం కాడ చెప్పిన.

"ఒకటిన్నర," అన్నడు బాపు. పప్పు కలుపుకుంట మస్తు సేపు నవ్విండు, నవ్వుల దగ్గు కలిసింది. "ఆ ఒకటిన్నర తోటే కప్పు తెచ్చిండు. మీ కలిస్ ఇరవై రెండు పెట్టుకొని ఏం తెచ్చిండు?"

"అది టీమ్ తప్పు బాపు, కలిస్ తప్పు కాదు."

"మరి కప్పు టీమ్‌ది కాదా? నీ లెక్కల టీమ్ ఏడున్నది?"

లెక్క పక్కకు పెట్టి తన పరీక్ష చెప్పిండు. నా చిన్నప్పటి నుంచి అదే పరీక్ష. ఒక చెయ్యి కట్టేస్తే ఇంకో చేతి తోటి టీమ్‌ల ఉంటడా లేదా? బ్యాట్ గుంజుకుంటే ఉత్త బౌలర్‌గ తీసుకుంటరా? బాల్ గుంజుకుంటే ఉత్త బ్యాట్స్‌మన్‌గ తీసుకుంటరా? రెండిటికీ అవునంటేనే ఆల్‌రౌండర్. మిగిలినోళ్ళు బేరానికి వచ్చినోళ్ళు.

"అట్లయితే ఒకటో నంబర్ ఎవరు?" అని అడిగిన. ఇరవై నాలుగేండ్ల సంది అడుగుతున్న, బుద్ధి తెల్వని ఏండ్లు తీసేస్తే కొంచెం తక్కువ. ఎప్పుడూ చెప్పడు. చెప్తే ఆట అయిపోతదట.

అమ్మ ఆ దగ్గు విన్నది. నేను ఇన్నేసి మాటలు రాసిన గని దగ్గు ముందు అమ్మనే విన్నది. "బేబీ, బుధవారం సెలవు పెట్టు. చెవి ముక్కు గొంతు డాక్టర్ కాడికి పోదాం" అన్నది.

జనవరి 29, బుధవారం

ముక్కుల నుంచి సన్నటి కెమెరా వేసిండ్రు. స్క్రీన్ మీద గొంతు లోపల కనబడ్డది. ఎర్రగ, తడిగ, రెండు తెల్లటి దారాల లెక్క. ఒక దారం మీద ఏందో ఉన్నది. డాక్టర్ "ఆ అనండి" అన్నడు. బాపు ఆ అన్నడు. ఒక దారం కదిలింది, ఇంకోటి కదలలె.

ముక్క తీసి పరీక్షకు పంపాలన్నరు.

ఆటోల బాపు అన్నడు, "చూసినవా, మస్తు మంచిగ కనబడుతది. థర్డ్ అంపైర్‌కు గూడ అంత మంచిగ కనబడదు."

జనవరి 30

ఉత్త వాపే అయి ఉంటది. అరిచి అరిచి వాపొస్తదని నెట్ల ఉన్నది.

ఫిబ్రవరి 5, బుధవారం

వాపు కాదు.

గొంతు పెట్టె మొత్తం తియ్యాలట. మెడకు కింద రంధ్రం పెడ్తరు, అక్కడి నుంచే ఊపిరి. ప్రాణానికి మంచిదే, మాట మాత్రం ఉండదు. డాక్టర్ మంచోడే, మెల్లగ చెప్పిండు, రెండుసార్లు చెప్పిండు. ఈ సోమవారమే చేద్దాం అన్నడు.

బాపు చేతులు కట్టుకొని విన్నడు. "ఫైనల్ పదహారో తారీఖు ఉన్నది సార్" అన్నడు.

"ఏం ఫైనల్?"

"జల్‌పల్లిల."

డాక్టర్ నా దిక్కు చూసిండు, నేను గోడ మీద చెవి బొమ్మ దిక్కు చూసిన.

ఫైనల్ అయినంక చేయిస్తే ఏమైతది అని అడిగిన్నో లేదో. అడిగిన. కొన్ని రోజులకు ఏం కాదన్నడు.

ఫిబ్రవరి 7

అమ్మ చీరలకు ఫాల్స్ కుడుతున్నది, కుట్టింది మళ్ళ విప్పి కుడుతున్నది.

బాపు అసలు ఆపరేషనే వద్దంటున్నడు ఇప్పుడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇయ్యాల బాపు గ్రౌండ్‌కు పోలె, ఫైనల్‌కు గొంతు దాచుకోవాలన్నడు. అమ్మ చర్చికి పోలె. ముగ్గురం ఇంట్లనే ఉన్నం, ఆదివారం పూట ఒకరి మొహం ఒకరికి కొత్త.

నేనే మొదలుపెట్టిన. నాకు వచ్చిన భాష అదొక్కటే గద.

"నీ పరీక్షే పెడ్త బాపు. అంపైరింగ్ అంత చేతులే. నోరు కట్టేసినా నువ్వు టీమ్‌ల ఉంటవు. ఎనభై మూడు వరల్డ్ కప్పుల ఇమ్రాన్ కాలి ఎముక పగిలి ఒక్క బాల్ వెయ్యలె. ఉత్త బ్యాట్ తోటి ఆడిండు. సెంచరీ గూడ కొట్టిండు."

"ఇమ్రాన్ కెప్టెన్ బిడ్డా. కెప్టెన్‌ను ఎవడు తీసేస్తడు? నేను కెప్టెన్‌నా?"

"స్టోక్స్ మోకాలు పోతే ఉత్త బ్యాట్స్‌మన్‌గ వరల్డ్ కప్ ఆడిండు. కెప్టెన్ కాదు అప్పుడు."

"ఆ కప్పుల ఇంగ్లండ్ ఏమైంది?"

తొమ్మిది మ్యాచులల ఆరు ఓడింది. బాపు నీళ్ళు తాగిండు. మింగేటప్పుడు కండ్లు మూసుకుంటున్నడు ఈ నడుమ. తరువాత లోపల దాచుకున్న గొంతు అంత తీసి ఖర్చు పెట్టినట్టు మాట్లాడిండు.

"ఇను. నా పరీక్ష తప్పు. ఇన్నేండ్లు తప్పే చెప్పిన. నాకంటె మంచిగ వైడ్ చూసేటోళ్ళు జల్‌పల్లిల పది మంది ఉంటరు. నాకంటె మంచిగ మాట్లాడేటోళ్ళు అఫ్జల్‌గంజ్‌ల ప్రతి దుకాణం ముందట ఉంటరు. ఒక చెయ్యి కట్టేస్తే నేను ఏ టీమ్‌ల ఉండ. కపిల్ గూడ అంతే. ఉత్త బ్యాట్‌కు వేరేటోడు దొరికెటోడు. రెండూ ఒక్క మనిషిల ఉన్నయి గనుకనే ఇంకొకనికి జాగ దొరికింది. ఆల్‌రౌండర్ విలువ ఆల్‌రౌండర్‌ల ఉండదు బిడ్డా. వాడు ఉన్నందుకు టీమ్‌లకు వచ్చిన పదకొండో మనిషి ఉన్నడు చూడు, ఆడ ఉంటది. ఒకటి తీసేస్తే సగం మిగలదు. ఏం మిగలదు."

మూలకు కూసున్న అమ్మ నోట్ల గుండుసూదులు తీసి డబ్బల వేసింది.

"ఖదీర్ భాయ్ టీమ్‌ల తీసుకుంటడని చేసుకున్ననా నేను నిన్ను?" అన్నది. "నా టీమ్‌ల నుంచి నిన్ను ఎవరు తీసేసిండ్రు? నేను అడిగిన్నా మైకు? ఒక్కరోజు అడిగిన్నా?"

బాపు జేబుల చెయ్యి పెట్టిండు. గోళీలు తీసి నేల మీద పెట్టిండు, మళ్ళ ఏరుకున్నడు. సాయంత్రం చాయ్ కాడ అన్నడు, "ఫైనల్ అయినంక పోదాం లీలా. చెయ్యించుకుంట."

అమ్మ ఇంకో చీర తీసింది. అది విప్పలె.

ఫిబ్రవరి 12

మేడం పోల్చుడు ఎంతవరకు వచ్చిందని అడిగింది. వస్తున్నదన్న.

పదకొండో మనిషిని లెక్కల ఎట్ల పెట్టాలె. ఏ స్కోర్ కార్డుల ఉంటడు వాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఫైనల్.

ఖదీర్ భాయ్‌కు ఎవరు చెప్పిండ్రో, గేటు కాడనే బాపును పట్టుకున్నడు. "ఎల్లప్ప భాయ్, మైకు ఇయ్యాల వేరేటోనికి ఇద్దాం. ఆప్ ఆరామ్ సే అంపైరింగ్ కరో."

"జోడీ విడదీస్తవా భాయ్?"

"అరే, నీ మంచికే చెప్తున్న."

"మంచికి బుధవారం ఆపరేషన్ ఉన్నది. ఇయ్యాల మ్యాచ్ ఉన్నది."

ఖదీర్ భాయ్ తన మెడల ఉన్న రుమాలు తీసి బాపు మెడకు చుట్టిండు.

మొదటి ఓవర్‌కు ఏం వినబడలె. జనం అరుస్తున్నరు, స్పీకర్ల గాలి తప్ప ఏం లేదు. రెండో ఓవర్‌కు ముందట కూసున్నోళ్ళు వెనుకోళ్ళను ఊకుండుమన్నరు. వెనుకోళ్ళు గోడ మీదోళ్ళను. ఐదో ఓవర్‌కు ఫైనల్ మ్యాచ్ పరీక్ష హాల్ లెక్క అయింది. సిక్స్ పడ్డా ఎవరూ అరవలె, అరిస్తే బాపు ఏమన్నడో వినబడదు గద. వినబడ్డంక నవ్విండ్రు. అంత మంది కలిసి మెల్లగ నవ్వుడు నేను ఎన్నడూ వినలె. పచ్చ గేటు ఇంటి గోడ అవుతల పడ్డ బాల్‌ను ఇయ్యాల ఆమె విసరలె, బురఖా సర్దుకొని బయటికి వచ్చి చేతికిచ్చింది. బాపు మైకు పక్కకు పట్టి ఏందో అన్నడు. ఆమె తల ఊపింది.

నేను చెప్పకుండ ఫోన్‌ల రికార్డ్ పెట్టిన. మంచిగ రావాలని స్పీకర్ డబ్బ పక్కనే పెట్టిన.

ఇంటికొచ్చి విన్న. మొత్తం పగిలిపోయింది. అంత దగ్గర పెట్టొద్దట. గర్ర్ గర్ర్ తప్ప ఒక్క మాట లేదు, మ్యాచ్ పొడుగూత అదే. స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల.

ఫిబ్రవరి 18, మంగళవారం

అడ్మిట్ చేసుకున్నరు. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసిండు. బాపు ఆమెన్ గట్టిగ అన్నడు, అంటే తన కాడ ఉన్నంత గట్టిగ.

అందరు పోయినంక అడిగిన. "ఇప్పుడన్న చెప్పు. ఒకటో నంబర్."

"వచ్చినంక చెప్త."

"వచ్చినంక ఎట్ల చెప్తవు?"

నవ్విండు. నేను అన్నది ఏందో నాకు తరువాత తెలిసింది.

ఫిబ్రవరి 19, బుధవారం

పొద్దున స్ట్రెచర్ వచ్చింది. నేను ఏదో ఒక మాట వస్తదని వంగి నిలబడ్డ. బాపు నా దిక్కు చూసి, "ఫ్యాన్ తగ్గించు, అమ్మకు చలి పెడుతది" అన్నడు.

తగ్గించిన. తిరిగి చూసేసరికి తలుపు కాడికి పోయిండ్రు.

ఫిబ్రవరి 20

బాగనే అయిందన్నరు.

ఫిబ్రవరి 22

బాగనే ఉన్నడు. మెడకు కట్టు, ముక్కుల గొట్టం. చిన్నపిల్లల పలక కొనుక్కొచ్చిన, రాసి చెరిపేది. తీసుకోలె. పక్కకు పెట్టిండు.

మార్చి 4, మంగళవారం

జహనుమాకు, ఇంటికి వచ్చినం. పలక ముట్టుకుంటలేడు. అన్నిటికీ అంపైర్ సైగలే. మోకాలు తట్టితే, లెగ్ బై, కాళ్ళ కింద మెత్త పెట్టాలె. రెండు చేతులు బార్ల చాపితే, వైడ్, కిటికీ తెరవాలె. చేతులు కిందికి పెట్టి అడ్డంగ ఊపితే, డెడ్ బాల్, వచ్చిన చుట్టాలను పంపెయ్యాలె. అమ్మ వారంలనే అన్నీ నేర్చుకున్నది. ఇరవై ఎనిమిదేండ్ల సంది క్రికెట్ అంటే టీవీ కట్టేసే మనిషి. "నోబాల్ అంటే ఏంది బేబీ, గట్ల చెయ్యి పక్కకు చాపుతున్నడు?" అని అడుగుతది. నాకంటె ముందు లేస్తది.

ఆ పగిలిన రికార్డింగ్ వింటున్న, ఇయర్‌ఫోన్లు తీసి పెట్టుమన్నది అమ్మ. విన్నది. గర్ర్ మని మోగుతుంటే, "గిప్పుడు పచ్చ గేటు ఆమెను అడుగుతున్నడు" అన్నది. "గిది సిక్స్. గిక్కడ దగ్గొచ్చింది, నీళ్ళు తాగిండు."

నాకు గర్ర్ మనే తప్ప ఏం వినబడలె. అమ్మ అబద్ధం చెప్తున్నదేమో. కాదేమో.

మార్చి 9, ఆదివారం

చాంపియన్స్ ట్రోఫీ మనకే వచ్చింది. టీమ్ నిండ ఆల్‌రౌండర్లే. ఆఖరు ఫోర్ జడేజా కొట్టిండు. బయట పటాకులు. మా ఇంట్ల చప్పుడు లేదు. బాపు కుర్చీల కూసొనే చెయ్యి అటు ఇటు ఊపిండు, ఫోర్. చేతిల మైకు ఉన్నట్టే పిడికిలి బిగించి ఊపిండు.

నా వ్యాసం ఎప్పుడో అచ్చయింది. సోబర్స్, కలిస్, ఇమ్రాన్, ఆ వరుసనే. కపిల్‌ను ఐదుల పెట్టిన. ఫార్ములా ప్రకారం ఉండడు. మేడం పట్టుకోలె.

బాపును ఒకటో నంబర్ మళ్ళ అడగలె. పలక మీద రాస్తే అది జవాబు కాదు.

మార్చి 14, శుక్రవారం

రిపోర్టులు వచ్చినయి. మెడల తీసిన గడ్డలల కూడ ఉన్నదట. కొత్త స్కాన్‌ల ఊపిరితిత్తులల చుక్కలు. రేడియేషన్ కరెంటు పెడ్తరు, మందులు ఇస్తరు. కష్టం లేకుండ చూసుకుందాం అన్నడు డాక్టర్. కష్టం లేకుండ అంటే ఏందో అమ్మ అడగలె. బాపుకు తెలుగు వస్తది, ఇంగ్లిష్ కొంచెం వస్తది, డాక్టర్ మొహం మొత్తం వస్తది.

వాళ్ళను బయట కూసోబెట్టి నేను మళ్ళ లోపలికి పోయిన. "ఆ సోమవారమే చేయించుంటే?" అని అడిగిన. కొన్ని రోజులకు ఏం కాదని ఆయన అనలె అప్పుడు. మీ ఇష్టం అన్నడు. నేనే ఏం కాదు అని రాసుకున్న. ఈ డైరీ వెనుకకు తిప్పి చూసిన ఇప్పుడే.

డాక్టర్ కండ్లద్దాలు తీసిండు. "ఆ కొన్ని రోజులవి కావమ్మా ఇవి. అంతకు ముందటివి. గొంతు ఎప్పుడు మారింది?"

మార్చి 15

దసరాకు.

పటికబెల్లం ఇచ్చినం. క్రిస్మస్ దాక ఇచ్చినం.

మార్చి 16, ఆదివారం

ఖదీర్ భాయ్ వచ్చిండు పొద్దున. రంజాన్ ఉపవాసం, నీళ్ళు కూడ ముట్టలె. ఎండాకాలం కప్పు ఉన్నదన్నడు, అంపైర్‌గ బాపు పేరే రాసిన అన్నడు. మైకుకు? అని నేను అడగలె, ఆయననే చెప్పిండు: "మైకు పెడ్తలేను బేటీ ఈసారి. ఉత్త మ్యాచ్." బాపు ఆయన చెయ్యి పట్టుకొని ఆరు గోళీలు అందుల పోసిండు. ఖదీర్ భాయ్ తీసుకోనన్నడు. బాపు ఆయన వేళ్ళు ముడిచిండు. ఖదీర్ భాయ్ పోయేటప్పుడు చెప్పులు ఎక్కడ ఇడిచిండో మర్చిపోయిండు, కాళ్ళ ముందటనే ఉన్నయి.

మధ్యాహ్నం అమ్మ గొట్టంల జావ పోసి వంటింట్లకు పోయింది. నేను పక్కన కూసున్న.

"బాపు, డాక్టర్ చెప్పింది మొత్తం అర్థమైందా?"

నా దిక్కు చూసిండు. కుడి చెయ్యి లేపిండు. అదే పిడికిలి, మైకు పట్టినట్టు. దాని మీదికెల్లి చూపుడువేలు మెల్లగ లేచింది. తొందర లేదు. మంచి అంపైర్లు తొందరగ ఇయ్యరు.

తలుపు కాడ గిన్నె చప్పుడైంది. అమ్మ. ఎప్పటి సంది ఉన్నదో. ఇప్పుడు అమ్మకు సైగలన్నీ వస్తయి, ఇది అన్నిటికంటె ముందు వస్తది.

బాపు అమ్మను చూసిండు. వేలు అట్లనే ఉన్నది కొద్దిసేపు. తరువాత రెండు చేతులు అడ్డంగ తెచ్చి ఎదురు భుజాల మీద పెట్టుకున్నడు. కుడి పిడికిలి ఎడమ భుజానికి తగిలింది. మైకు లేదు గద, చప్పుడు రాలె.

"ఇదేంది?" అని అమ్మ నన్ను అడిగింది. ఇది ఒక్కటి నేర్చుకోలె, ఇంట్ల ఎన్నడూ అవసరం పడలె.

"వాపసు అమ్మా. ఇచ్చిన అవుట్ వాపసు తీసుకున్నడు."

"అట్ల తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు."

అమ్మ మొహం తుడుచుకున్నది. వచ్చి బాపు దుప్పటి సర్దింది, ఫ్యాన్ తగ్గించింది, నవ్వినట్టే ఉన్నది.

అంపైర్ తాను ఇచ్చిందే వాపసు తీసుకోవచ్చు. వేరేటోళ్ళు ఇచ్చింది తీసుకోరాదు. ఆ రూల్ అమ్మకు తెల్వది. నేను చెప్పలె.